విస్టాకి పాడె కట్టింది మనమే: కంప్యూటర్ షాపు అన్నదమ్ములకు ఒక బహిరంగ లేఖ

గుంటూరు, తెనాలి, ఒంగోలు, ఖమ్మం, సూర్యాపేట, ఇంకా ఎక్కడెక్కడ సిస్టమ్‌లు ఫార్మాట్ కొట్టుకుంటూ బతుకుతున్నారో ఆ అన్నలకి తమ్ముళ్ళకి, డీటీపీ వాళ్ళకి, నెట్ సెంటర్ ఎత్తేసి జిరాక్సూ ఆన్‌లైన్ అప్లికేషన్లూ పెట్టుకున్న పాత కాపులకి నరసరావుపేట నుంచి నమస్కారాలు.

మొన్న మన సర్వీస్ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒకాయన పోస్టర్ పెట్టాడు, షాపు పేరు ఎందుకులెండి, ఎర్ర అక్షరాల్లో "విండోస్ 10 చచ్చిపోయింది, మీ కంప్యూటర్ ఇక పనిచేయదు, పాతది తెండి కొత్తది పట్టుకెళ్ళండి" అని, చుట్టూ పువ్వులూ బెలూన్లూ కూడా, ఎవరో పెళ్ళికి పిలిచినట్టు. దాని కింద ఒక కుర్రాడు "కొత్తదాంట్లో 11 వస్తది అన్నా, అది ఇంకో విస్టా, చెత్త" అన్నాడు. అందరూ నవ్వు బొమ్మలు కొట్టారు. నాకు మాత్రం ఎక్కడో గుచ్చుకుంది. ఆ కుర్రాడి డీపీ చూస్తే పాతికేళ్ళు కూడా ఉండవు, 2007లో ఆ విస్టా అనే విండోస్ వచ్చినప్పుడు పలక పట్టుకుని బడికి పోతుండి ఉంటాడు, విస్టా ఉన్న సిస్టమ్‌ని జన్మలో ముట్టుకుని ఉండడు, అయినా అది చెత్త అని వాడికి గట్టిగా తెలుసు. ఎవరు చెప్పారు వాడికి? మనమే చెప్పాం. వాడు పనినేర్చుకున్న షాపు ఓనరు చెప్పుంటాడు, ఆ ఓనరు నాలాంటోడి దగ్గర నేర్చుకుని ఉంటాడు.

అందుకే ఈ లేఖ. నేను 2003లో సికింద్రాబాద్ సీటీసీలో, అదే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, ఒక షాపులో స్క్రూడ్రైవర్ పట్టుకుని మొదలుపెట్టినవాడిని. ఆ ఏడాది ఆగస్టులో బ్లాస్టర్ వార్మ్ అనే వైరస్ వచ్చింది గుర్తుందా, నెట్ కనెక్ట్ చేయగానే స్క్రీన్ మీద 60 సెకన్లు కౌంట్‌డౌన్ పడి సిస్టమ్ దానంతటదే షట్‌డౌన్ అయిపోయేది, మేం పరిగెత్తుకెళ్ళి రన్‌లో ఒక చిన్న కమాండ్ కొట్టి ఆపేవాళ్ళం, కస్టమర్ మమ్మల్ని దేవుళ్ళని చూసినట్టు చూసేవాడు. విస్టాకి ముందున్న విండోస్ ఎక్స్‌పీ అంటే మనందరికీ ఇప్పుడు బంగారం, అమ్మ చేతి ముద్ద, కానీ 2001 అక్టోబర్ 25న వచ్చిన ఎక్స్‌పీ మొదటి మూడేళ్ళూ దొంగలకి తలుపులు బార్లా తీసిన ఇల్లు. 2004 ఆగస్టులో సర్వీస్ ప్యాక్ 2 అనే పెద్ద రిపేర్ల మూట వచ్చాకే అది మనిషయ్యింది. ఆ సంగతి మనం మర్చిపోయాం. మంచిదేలెండి, పోయినోళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు.

విస్టా ఆలస్యం అవ్వడానికి కూడా ఒక కారణం ఇదే. లాంగ్‌హార్న్ అనే పేరుతో ఎక్స్‌పీ తర్వాత చిన్న వెర్షన్‌గా 2003కల్లా తెద్దామనుకున్నది అందులో అదీ ఇదీ కలిపి కలిపి గంపంత అయిపోయింది, ఇంకోపక్క ఉన్నోళ్ళంతా ఎక్స్‌పీకి వైరస్‌ల చిల్లులు పూడ్చే పనిలో పడ్డారు. చివరికి 2004లో విండోస్ పెద్దాయన జిమ్ ఆల్చిన్ వెళ్ళి బిల్ గేట్స్‌కి ఇది కుదిరేలా లేదని చెప్పేస్తే, చేసిందాంట్లో చాలావరకు పక్కన పడేసి విండోస్ సర్వర్ 2003 కోడ్ మీద మళ్ళీ మొదట్నుంచి కట్టారు. 2007 జనవరి 30న జనానికి అమ్మకానికి పెట్టారు. ఐదేళ్ళు దాటిపోయింది ఎక్స్‌పీ వచ్చి. అంత గ్యాప్ అంతకుముందు ఎప్పుడూ లేదు, జనం ఎక్స్‌పీ పచ్చగడ్డి కొండని చూసీ చూసీ అదే కంప్యూటర్ అనుకునే స్థితికి వచ్చేశారు. ఐదేళ్ళు ఊరించి వచ్చిన అల్లుడికి ఎలాంటి మర్యాదలు జరగాలి, మరి ఏం జరిగింది?

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్తాను, ఎవరి మీదా తోసేది కాదు. అప్పటికి నేను ఊరికి వచ్చేసి సొంత షాపు పెట్టుకున్నా. 2007 చివర్లో హైస్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారు ఒకాయన లాప్‌టాప్ తెచ్చారు. కొత్తది, మూత మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు, మూత తీస్తే కీబోర్డు కింద కుడిపక్క విస్టా స్టిక్కరు మెరుస్తోంది. హోమ్ బేసిక్ ఎడిషన్, 512 ఎంబీ ర్యామ్. స్విచ్ నొక్కితే డెస్క్‌టాప్ రావడానికి నేను టీ తాగి గ్లాసు ఇచ్చేసి రావచ్చు, వచ్చాక కూడా హార్డ్ డిస్క్ లైటు ఆరదు, టకటక కొట్టుకుంటూనే ఉంటుంది. మాస్టారు "ఏమయ్యా, అప్పు చేసి కొన్నాను, ఇదేంటి ఇలా ఎద్దులా నడుస్తోంది" అన్నారు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, సూపర్ స్పెషాలిటీ డాక్టర్ మొహం పెట్టి, "విస్టా అంతే మాస్టారూ, చెత్త ఓఎస్, ఎక్స్‌పీ వేసేస్తా, 300 అవుద్ది" అన్నాను.

ఆ రాత్రి ఏమైందో మీలో చాలామందికి తెలుసు, మీరూ పడుంటారు. ఎక్స్‌పీ సీడీ పెడితే హార్డ్ డిస్కే లేదంటుంది, లేకపోతే సున్నాలన్నీ పేర్చి చివర 7బి అని బ్లూ స్క్రీన్ కొడుతుంది, ఎందుకంటే హార్డ్ డిస్క్‌ని నడిపే ఆ సాటా కంట్రోలర్ సంగతి ఎక్స్‌పీకి తెలియదు. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు లేచే లోపలి సెట్టింగుల్లో, డిస్క్‌ని కొత్త పద్ధతి ఏహెచ్‌సీఐ నుంచి పాత పద్ధతి ఐడీఈకి మారుద్దామంటే ఆ లాప్‌టాప్ బయోస్‌లో ఆ ఆప్షనే లేదు. ఎన్‌లైట్ అనే టూల్‌తో డ్రైవర్, అంటే ఆ పార్టుని విండోస్‌కి పరిచయం చేసే ప్రోగ్రాము, కలిపి కొత్త సీడీ రాసుకుని, సీ డ్రైవ్‌తో పాటు కంపెనీ వాళ్ళు విస్టా దాచిపెట్టిన రికవరీ పార్టిషన్ కూడా ఎగరగొట్టి, ఎక్స్‌పీ వేసి, ఆ తర్వాత సౌండ్ రాదు, వైఫై రాదు, గ్రాఫిక్స్ డ్రైవర్ లేక అక్షరాలు బండరాళ్ళలా కనపడతాయి, ఆ డ్రైవర్ల కోసం రెండు రాత్రులు నా డబ్బా కనెక్షన్ మీద డౌన్‌లోడ్లు. మూడోరోజు మాస్టారికి ఇచ్చాను. జెట్ స్పీడులో ఉందన్నారు. నేను కాలర్ ఎగరేశాను. వెళ్తూ వెళ్తూ ఆయన "పాత లుక్ బాగుంది కదయ్యా, ఆ నిగనిగలాడే బార్ పెట్టలేవూ" అంటే ఎక్స్‌పీ మీద విస్టా థీమ్ కూడా వేసిచ్చాను! నవ్వొస్తోంది కదా, ఆ రెండేళ్ళూ మనం చేసింది ఇదే, విస్టా తీసేయడం, దాని చొక్కా మాత్రం ఎక్స్‌పీకి తొడగడం.

కానీ లెక్క చూడండి. మాస్టారు డబ్బులు కట్టి కొన్నది ఒరిజినల్ లైసెన్సు. నేను వేసిచ్చింది దొంగ ఎక్స్‌పీ. దొంగది కాబట్టి జెన్యూన్ కాదని ఎక్కడ మెసేజ్ వస్తుందో అని మొదటిపనిగా ఆటోమేటిక్ అప్‌డేట్స్ ఆఫ్ చేశాను. రికవరీ పార్టిషన్ పోయింది కాబట్టి ఎప్పుడైనా వెనక్కి పోదామన్నా దారి లేదు. మూడు నెలలకి స్కూల్లో పెన్‌డ్రైవ్ పెట్టి తీస్తే న్యూ ఫోల్డర్ డాట్ ఈఎక్స్ఈ వైరస్ తగులుకుంది, పరీక్ష పేపర్లు పోయాయి, మళ్ళీ నా దగ్గరికే వచ్చారు, మళ్ళీ 300. ఆ తర్వాత ఏడాది అదే మోడల్ లాప్‌టాప్ ఇంకొకాయన తెస్తే, ఎక్స్‌పీ వేసే ఓపిక లేక, షాపులో పడున్న 1 జీబీ ర్యామ్ స్టిక్ ఊరికే పెట్టి చూశాను. అప్పటికి సర్వీస్ ప్యాక్ 1 కూడా వచ్చింది. హాయిగా నడిచింది. హార్డ్ డిస్క్ లైటు ఆరిపోయింది. అదే విస్టా! ఆ లైటు ఆరడం చూస్తూ నిలబడిపోయా కాసేపు. మాస్టారికి కావాల్సింది ఒక ర్యామ్ ముక్క, నేను ఆడలేక మద్దెల ఓడన్నాను.

అయితే మైక్రోసాఫ్ట్‌ని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి, వాళ్ళు చేసిన ఘనకార్యం ఉంది. విస్టా రిలీజ్‌కి ముందు అమ్మే సిస్టమ్‌ల మీద రెండు రకాల స్టిక్కర్లు వేయించారు. ఒకటి విస్టా కేపబుల్, దానికి 800 మెగాహెర్ట్జ్ ప్రాసెసరూ 512 ఎంబీ ర్యామూ ఉంటే చాలు. రెండోది ప్రీమియం రెడీ, దానికి 1 జీబీ ర్యామూ అద్దాల బొమ్మలు గీయగల గ్రాఫిక్సూ కావాలి. యాడ్స్‌లో చూపించేదంతా రెండోదాని సోకు, జనం కొన్నది చాలావరకు మొదటిదాన్ని. దీని మీద అమెరికాలో కేసు పడితే 2008లో కోర్టు ద్వారా లోపలి ఈమెయిల్స్ బయటికి వచ్చాయి. ఇంటెల్ 915 అనే బోర్డు చిప్‌సెట్‌కి కొత్త గ్రాఫిక్స్ డ్రైవర్ పద్ధతి పట్టదని తెలిసి కూడా, ఆ బోర్డులు అమ్ముడుపోవాలని స్టిక్కర్ హద్దు కిందకి దించామని వాళ్ళలో వాళ్ళే రాసుకున్నారు. మైక్ నాష్ అని వాళ్ళ వైస్ ప్రెసిడెంటే ఆ స్టిక్కర్ చూసి ఒక లాప్‌టాప్ కొని, 2,100 డాలర్లు పోసి ఈమెయిల్ చూసుకునే డబ్బా తెచ్చుకున్నాను అని ఏడ్చాడు. ఇంటాయనే ఇంటి వంట తిని కడుపునొప్పి అంటే ఇక బయటోళ్ళకి ఏం చెప్తాం. కేసు తర్వాత కొన్నవాళ్ళందరి తరఫునా ఒకే కేసుగా (క్లాస్ యాక్షన్) నిలబడలేదు గానీ పరువు మాత్రం పోయింది.

ఇది కాక ఆరు ఎడిషన్లు. స్టార్టర్, హోమ్ బేసిక్, హోమ్ ప్రీమియం, బిజినెస్, ఎంటర్‌ప్రైజ్, అల్టిమేట్. స్టార్టర్ అయితే మనలాంటి దేశాల కోసమే చేశారు, ఒకేసారి మూడు ప్రోగ్రాములకి మించి తెరవనివ్వదు. పాట పెట్టుకుని, వర్డ్ తీసి, బ్రౌజర్ తీస్తే అంతే, నాలుగోది తెరవాలంటే ఒకటి మూసేయ్. ఇంటికి చుట్టం వస్తే మూడు ఇడ్లీలే అని బోర్డు పెట్టినట్టు.

డ్రైవర్ల గొడవ సరేసరి. గ్రాఫిక్స్, సౌండ్ రెండిటికీ లోపల పద్ధతి మొత్తం మార్చారు, మార్చాల్సిందే కూడా, కానీ కార్డులు తయారుచేసేవాళ్ళు రెడీగా లేరు. అదే కేసులో బయటపడ్డ లెక్కల్లో 2007లో మైక్రోసాఫ్ట్‌కి చేరిన విస్టా క్రాష్‌లలో 28.8 శాతం గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్‌విడియా డ్రైవర్ల వల్లేనని ఉంది, మైక్రోసాఫ్ట్ సొంత డ్రైవర్ల వాటా 17.9 శాతం. మన కౌంటర్ దగ్గర మాత్రం ప్రింటర్ రాకపోయినా విస్టానే, స్కానర్ రాకపోయినా విస్టానే, కరెంటు పోయినా విస్టానే. డీటీపీ అన్నలు అయితే గేటు దగ్గరే ఆపేశారు, పేజీలు కట్టే పేజ్‌మేకరూ వాళ్ళ తెలుగు కీబోర్డు సాఫ్ట్‌వేరూ ఎక్స్‌పీలో కుదురుకుని ఉన్నాయి, పెళ్ళిళ్ళ సీజన్‌లో శుభలేఖలు ఆపుకుని కొత్త ఓఎస్ ఎవడు వేస్తాడు, వాళ్ళని నేను ఏమీ అనను. ఇప్పటికీ ఎక్స్‌పీ మీదే పెళ్ళి కార్డులు కొట్టేవాళ్ళు నాకు తెలుసు, నెట్ తీగ పీకేసి మరీ. అది తెలివైన పనే.

తెలుగు అన్నాను కాబట్టి ఒక మాట. ఇది ఎవరూ రాయగా నేను చూడలేదు గానీ మనకి సంబంధించినంతవరకు విస్టా చేసిన పెద్ద మంచి పని ఇదే. ఎక్స్‌పీలో తెలుగు సైట్ తెరిస్తే ఏం కనపడేది? డబ్బాలు. లేకపోతే వత్తులు ఒకపక్క, అక్షరాలు ఒకపక్క, గుడి ఎగిరిపోయి ఎక్కడో. కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్ళి, రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్ తీసి, కాంప్లెక్స్ స్క్రిప్ట్ అని ఒక చెక్‌బాక్స్ ఉంటుంది, దానికి టిక్ పెడితే ఎక్స్‌పీ సీడీ పెట్టమంటుంది. సీడీ ఎవరి దగ్గర ఉంటుంది? మన దగ్గర. అందుకని పేపర్ చదువుకుందామనుకున్న రిటైర్డ్ తాసిల్దారు గారు కూడా సీపీయూ రిక్షాలో వేసుకుని షాపుకి తేవాల్సిందే, మనకో యాభై. విస్టాలో ఆ తద్దినం లేదు, ఇన్‌స్టాల్ అయినప్పటి నుంచే తెలుగు చక్కగా కనపడుతుంది, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు జోడించుకుంటే సీడీ లేకుండా తెలుగు కొట్టుకోవచ్చు. తెలుగు బ్లాగులు అప్పుడప్పుడే జోరందుకుంటున్న రోజులు. మనం ఆ విస్టా తీసేసి, ఎక్స్‌పీ వేసి, తెలుగుని మళ్ళీ డబ్బాలు చేసి, ఆ డబ్బాలు సరిచేయడానికి యాభై తీసుకున్నాం. చెప్పుకుంటే సిగ్గుచేటు.

ఇంకోటి ఆ పర్మిషన్ అడిగే బాక్స్. స్క్రీన్ మసకబారి "ఈ పని మీరే చేస్తున్నారా" అని అడిగేది, యూఏసీ. దాన్ని తిట్టనివాడు లేడు, యాపిల్ వాళ్ళయితే దాన్ని ఎగతాళి చేస్తూ ఒక టీవీ యాడే తీశారు. మైక్రోసాఫ్ట్ మేనేజరే ఒకాయన 2008లో ఒక సెక్యూరిటీ కాన్ఫరెన్స్‌లో, దీన్ని పెట్టిందే జనానికి చిరాకు తెప్పించడానికి, అప్పుడే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు ప్రతిదానికీ అడ్మిన్ హక్కులు అడగడం మానతారు అని ఒప్పేసుకున్నాడు. చిరాకు నిజమే. ఫోల్డర్ పేరు మార్చాలన్నా రెండుసార్లు అడిగితే ఎవరికి కాలదు. కానీ ఎక్స్‌పీలో మనందరం అడ్మిన్‌గానే కూర్చునేవాళ్ళం, ఏ పనికిమాలిన ఫైలు డబుల్ క్లిక్ చేసినా అది ఇంటి యజమాని అయిపోయేది. విస్టాలో మనం ఎలాగోలా ఇన్‌స్టాలేషన్ చేయాల్సివస్తే చేసే మొదటి పని యూఏసీ ఆఫ్, రెండో పని అప్‌డేట్స్ ఆఫ్. గుమ్మానికి తలుపు పెడితే పీకేసి, దొంగలు పడ్డారో అన్నట్టు. అదే బాక్స్ ఇప్పటికీ 11లో వస్తుంది, కాస్త తక్కువసార్లు వస్తుంది, ఎవరూ కిక్కురుమనకుండా యస్ కొడుతున్నారు.

అసలు కామెడీ 2008 జులైలో జరిగింది. విస్టా అంటే మండిపడేవాళ్ళని శాన్‌ఫ్రాన్సిస్కోలో కూర్చోబెట్టి, మొజావే అని కొత్త ఓఎస్ వస్తోంది చూడండి అని చూపించారు. చూడకముందు విస్టాకి పదికి సగటున 4.4 వేసినోళ్ళు, మొజావే చూశాక 8.5 వేశారు. అప్పుడు చెప్పారు, మీరు చూసింది విస్టానే నాయనా అని. మంచి సిస్టమ్ మీద, వాళ్ళ మనిషే నడిపిస్తూ చూపించాడు కాబట్టి అది పూర్తి న్యాయమైన పరీక్ష కాదు, ఆ మాట కూడా అప్పుడే అన్నారు, నేనూ ఒప్పుకుంటా. కానీ నాకు అందులో మా మాస్టారి లాప్‌టాప్ కనపడింది. మంచి ర్యామ్ ఉన్న సిస్టమ్ మీద పేరు మార్చి పెడితే నచ్చింది, అంటే గొడవ ఎక్కడుందో తెలుస్తూనే ఉంది కదా. అప్పటికే ఆలస్యమైపోయింది లెండి. ఎక్స్‌పీని అమ్మకాల్లోంచి తీయొద్దని ఒక పత్రిక పిటిషన్ పెడితే రెండు లక్షల మంది పైగా సంతకాలు పెట్టారు. చిన్న నెట్‌బుక్‌ల మీద ఎక్స్‌పీనే ఇంకొన్నాళ్ళు అమ్మాల్సి వచ్చింది.

తర్వాత 2009 అక్టోబర్ 22న సెవెన్ వచ్చింది, మనందరం నెత్తిన పెట్టుకున్నాం. సెవెన్ ఉన్న సిస్టమ్ ఎక్కడైనా దొరికితే కమాండ్ ప్రాంప్ట్ తీసి వెర్ అని కొట్టి చూడండి. 6.1 అని వస్తుంది. విస్టా 6.0. అదే ఇల్లు, సున్నం కొట్టి, కిర్రుమనే తలుపులకి నూనె పోసి, మెట్లు సరిచేశారు, ఈలోపు కార్డుల వాళ్ళు డ్రైవర్లు రాసేసుకున్నారు, ర్యామ్ రేట్లు పడిపోయి కొత్త సిస్టమ్‌లలో 2 జీబీ మామూలైపోయింది. విస్టా డ్రైవర్ సీడీలు సెవెన్‌లో చాలావరకు అలాగే పనిచేశాయి, మీకే తెలుసు. తిట్లు తిన్నది పెద్దకోడలు, పేరు కొట్టేసింది చిన్నకోడలు. (8 సంగతి వేరు. 2012లో స్టార్ట్ బటన్ పీకేసి మౌస్ పట్టుకున్నోడికి టచ్ స్క్రీన్ వేషం వేయించారు, మరుసటేడు 8.1లో బటన్ తెచ్చి పెట్టారు. దాని మీద వచ్చిన తిట్లకి మాత్రం వాళ్ళే బాధ్యులు, ర్యామ్ వేసినా బటన్ రాదు కదా.)

మనం అలవాటు చేసిన ఆ అప్‌డేట్స్ ఆఫ్ సంగతి ఎక్కడికి పోయి తేలిందో కూడా చెప్పుకోవాలి. 2017 మార్చిలో మైక్రోసాఫ్ట్ విండోస్‌లో ఒక కంత పూడ్చే ప్యాచ్ వదిలింది. రెండు నెలలు తిరిగాక మే నెలలో వనాక్రై వచ్చి ప్రపంచమంతా ఫైళ్ళకి తాళాలు వేసి డబ్బులు అడిగింది, ఇంగ్లండ్‌లో ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి, మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లకి కూడా తగిలిందని పేపర్లలో వచ్చింది. దెబ్బతిన్నవాటిలో ఎక్కువ ఎక్స్‌పీ కాదు, ఆ ప్యాచ్ వేసుకోని సెవెన్. నా షాపుకి ఆ వారంలో ఒక మెడికల్ హోల్‌సేల్ ఆయన వచ్చాడు, నాలుగేళ్ళ స్టాకు లెక్కలు పోయాయి. "అప్‌డేట్స్ ఎందుకు ఆపావురా" అంటే "నువ్వే కదా అన్నా ఆపింది, స్లో అవుద్దని" అన్నాడు. నేనేం మాట్లాడతాను.

ఇప్పుడు పోస్టర్ దగ్గరికి వద్దాం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది. అయిపోయింది అంటే సెక్యూరిటీ ప్యాచ్‌లు ఊరికే రావు అని, అంతేగానీ సిస్టమ్ ఆగిపోదు, బూట్ అవుద్ది, టాలీ నడుస్తుంది, ప్రింటు వస్తుంది. ఆగిపోతుందని చెప్పి కొత్తది అంటగట్టడం అబద్ధం, బెలూన్లు పెట్టినా అబద్ధమే. ఇంట్లో వాడుకునే సిస్టమ్‌లకి ఇంకో ఏడాది ప్యాచ్‌లు ఇస్తున్నారు, 2026 అక్టోబర్ 13 దాకా. దానికి విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2 ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవ్వాలి, సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలో ఎన్‌రోల్ అని లింకు కనపడుతుంది. 30 డాలర్లు కట్టొచ్చు, వాళ్ళ రివార్డ్స్ పాయింట్లు 1,000 ఉంటే అవి ఇవ్వొచ్చు, రెండూ లేకపోతే సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఊరికే ఇస్తున్నారు. ఊరికే! మనలో ఎంతమంది కస్టమర్‌కి ఈ ముక్క చెప్పారు, గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. నాకు తెలిసి గ్రూపులో ఇద్దరు.

11 రూల్స్ గురించి నా అభిప్రాయం కూడా దాచుకోను. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, దొంగ ప్రోగ్రాములతో బూట్ అవ్వనివ్వని సెక్యూర్ బూట్ కావాలి, ఇంటెల్ అయితే సుమారుగా 8వ జనరేషన్ నుంచే. అంటే 2017లో నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టి 7వ జనరేషన్ ఐ7 కొన్నవాడి సిస్టమ్ పనికిరాదు, తర్వాత ఏడాది చవకలో ఏదో కొన్నవాడిది పనికొస్తుంది. అప్పుడు విస్టాకి చేతకాని సిస్టమ్‌లకి కూడా స్టిక్కర్ అంటించారు, ఇప్పుడు శుభ్రంగా నడిచేవాటిని కూడా గేటు బయట నిలబెట్టారు. ఆనాటి దెబ్బకి భయపడి ఇలా బిగించారేమో, సెక్యూరిటీ కోసం కావాలి అంటే ఆ మాటలో పస ఉంది, కానీ బాగున్న మదర్‌బోర్డులు తుక్కులోకి పోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది, మనం పిన్నులు వంగకుండా చేత్తో బిగించినవి అవి.

సరే, వాళ్ళ గేటు వాళ్ళిష్టం. కౌంటర్ ఇవతల నిలబడేది మనం. 8వ జనరేషన్ దాటిన బోర్డు కూడా "11 సపోర్ట్ చేయదు" అని వస్తే ముందు బయోస్‌లోకి వెళ్ళి చూడండి, ఆ టీపీఎమ్మే ఇంటెల్‌లో పీటీటీ అనీ ఏఎమ్‌డీలో ఎఫ్‌టీపీఎం అనీ ఉంటుంది, అసెంబుల్డ్ సిస్టమ్‌లలో చాలాసార్లు అది ఆఫ్‌లోనే ఉంటుంది, చంకలో పిల్లాడిని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు. మా దగ్గర ఒక చార్టర్డ్ అకౌంటెంట్ ఆఫీసులో ఐదు సిస్టమ్‌లు మార్చేయాలని ఎవరో కొటేషన్ ఇచ్చారు, నేను వెళ్ళి ఐదింటిలో నాలుగు బయోస్‌లో ఆన్ చేసి, డిస్క్‌ని పాత ఎంబీఆర్ పద్ధతి నుంచి 11కి కావాల్సిన జీపీటీ పద్ధతికి మార్చి వచ్చాను. అరపూట పని. ఐదోది నిజంగానే పాతది.

పాతవాటికి రూల్స్ దాటించి 11 వేస్తున్నారు చాలామంది, యూఎస్‌బీ తయారుచేసే టూల్‌లో టిక్ పెడితే అయిపోతుంది, నేనూ వేశాను. వేయొద్దని అనను. కానీ కస్టమర్‌కి చెప్పి వేయండి, ఇది కంపెనీ ఒప్పుకున్న పద్ధతి కాదు, అప్‌డేట్లు ఎప్పుడైనా ఆగొచ్చు, వాటికి వాళ్ళు గ్యారంటీ ఇవ్వలేదు అని. బిల్లు వెనక రాసివ్వండి. మెయిల్ చూసుకుని, యూట్యూబ్ చూసుకునే పెద్దవాళ్ళకి ఊరికే దొరికే లైనక్స్ మింట్ అనే ఓఎస్ వేసి చూడండి, మా నాన్నకి వేశాను, ఆయనకి మారిందని కూడా తెలియలేదు, "వాల్‌పేపర్ బాగుంది" అన్నాడు. హార్డ్ డిస్క్ మీద నడిచే సిస్టమ్ అయితే ఓఎస్ ఏదైనా ముందు ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన డిస్క్ వేయండి, ఇప్పటి మాస్టార్లకి అదే ఆ ర్యామ్ ముక్క. స్లోగా ఉందనగానే ఓఎస్‌ని తిట్టడం మాత్రం ఒక్క పదినిమిషాలు ఆపండి, టాస్క్ మేనేజర్ తీసి డిస్క్ ఎంత శాతంలో ఉందో చూపించండి కస్టమర్‌కే. వాళ్ళకి అర్థమవుతుంది.

గ్రూపులో ఆ కుర్రాడికి కూడా ఒకటి. తమ్ముడూ, 11 నాకూ అంతగా నచ్చదు, స్టార్ట్ మెనూలో యాడ్ల లాంటివి చూస్తే ఒళ్ళు మండుతుంది, టాస్క్‌బార్‌ని పక్కకి జరపనివ్వలేదని మొదట్లోనే జనం గోల చేశారు. తిట్టు, కానీ దేనికి తిడుతున్నావో చూసి తిట్టు. విస్టా లాంటిది అనాలంటే ముందు ఒక విస్టా వేసి చూడు, నా దగ్గర ఒరిజినల్ డీవీడీ ఉంది, హోమ్ ప్రీమియం, ఒక లాయర్ గారు కట్టలో పడేసి వెళ్ళారు. 2 జీబీ ర్యామ్ ఉన్న పాత డ్యూయల్ కోర్ కూడా ఉంది. నెట్ మాత్రం పెట్టొద్దు, 2017 ఏప్రిల్‌తో దాని ప్యాచ్‌లు అయిపోయాయి.

మాస్టారు రిటైరయ్యారు. ఆ లాప్‌టాప్ ఎప్పుడో పోయింది, స్టిక్కర్ ఉన్న కీబోర్డు ముక్క నా డ్రాలో ఉంది. పోయిన నెల మనవరాలి డెస్క్‌టాప్ పట్టుకుని వచ్చారు, 6వ జనరేషన్, "ఏమయ్యా, ఇది కూడా చెత్తేనా" అని అడిగారు. పాత లెక్క ఇంకా మర్చిపోలేదు ఆయన, లెక్కల మాస్టారు కదా. కూర్చోబెట్టి, ఎన్‌రోల్ చేసి, ఎస్‌ఎస్‌డీ మార్చి పంపించాను, 300 మాత్రం తీసుకోలేదు.

ఎన్‌రోల్ చేయడం ఎవరికైనా రాకపోయినా, బయోస్‌లో ఆ టీపీఎం ఎక్కడుందో దొరక్కపోయినా ఫోటో తీసి గ్రూపులో పెట్టండి, చెప్తాను. దగ్గరలో ఉన్నవాళ్ళు షాపుకే రండి, ఆదివారం ఒంటిగంట దాకా తీసే ఉంటాను. టీ మాత్రం మీరే చెప్పాలి.

ఇట్లు,
నరసరావుపేటలో ఒక పాత ఫార్మాట్ కొట్టేవాడు